విశాఖలో తెల్లవారి ఎక్కి ఆ రోజే దిగిరాగల కొండలు: ఏది ముందు, ఏది తరువాత?

మధురవాడ కొత్తవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా హైదరాబాదు నుంచి బదిలీ అయి ఈ వేసవిలోనే విశాఖపట్నం వచ్చి మధురవాడలో ఇల్లు తీసుకున్నాము. డాబా మీదికి వెళితే ఏ వైపు చూసినా కొండే కనిపిస్తుంది కాని, వాటిలో దేనికి దారి ఉంది, ఏది అటవీశాఖ వారిది, ఏది నౌకాదళం వారిది అని ఇరుగుపొరుగును అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతున్నారు. వానలు వెనకబట్టాయి గనుక, కార్తీకమాసం మొదలుకొని శివరాత్రి వరకు వారం విడిచి వారం ఒక కొండ చొప్పున, తెల్లవారుతూనే బయలుదేరి పొద్దు గూకేలోగా ఇల్లు చేరేలా నడవాలని మా ఆలోచన.

నడిచేది నలుగురం. మా అమ్మాయి ఆరో తరగతి చదువుతున్నది. దానికి అలుపు తెలియదు గాని ఎండకు ఆగలేదు. మా అమ్మగారికి అరవై దాటాయి. మెట్లయితే నెమ్మదిగా ఎన్నయినా ఎక్కుతారు, జారే మట్టి మీద అడుగు వేయాలంటే మాత్రం జంకుతారు. నేనూ నా భార్యా భువనగిరి కోట వంటివి ఎక్కి ఉన్నాము గనుక మా గురించి పెద్దగా బెంగ లేదు.

తెలుసుకోదలచినవి ఇవి. సింహాచలం కొండను మాధవధార వైపు నుంచి ఎక్కడం మంచిదా, అడవివరం మెట్ల మీదుగా ఎక్కడం మంచిదా? కంబాలకొండలో మా అంతట మేము నడవవచ్చునా? వంజంగి మేఘాల కొండను ఒక్క రోజులో చూసి రావడం నిజంగా సాధ్యమేనా, లేక అది ఫొటోలు చూసి ఆశపడేవారి మాటా? అన్నిటికంటె ముఖ్యంగా, అమ్మగారిని వెంట తీసుకువెళ్లగల కొండలు ఏవి? అనుభవం ఉన్నవారు తీరికగా చెబితే మేలు చేసినవారవుతారు.

మాధవధార నివాసి

మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే ఆ దారి మా వీధి చివరనే మొదలవుతుంది. మీరు అడిగిన రెండూ ఒకే కొండకు పోయే దారులే అయినా, వాటిని పక్కపక్కన పెట్టి ఏది మంచిదని తూచడం కుదరదు. ఒకటి గుడికి పోయే దారి, రెండోది కొండకు పోయే దారి.

అడవివరం వైపు తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి ఎక్కడం మొదలుపెడితే వెయ్యికి పైగా రాతిమెట్లు ఉంటాయి. గుడి సముద్రమట్టానికి సుమారు 800 అడుగుల ఎత్తున ఉంది. దారి పొడవునా కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, పక్కన ఆకాశధార వంటి ఊటనీటి ధారలు ఉన్నాయి, ఎక్కేవారు దిగేవారు ఎప్పుడూ ఉంటారు. మీ అమ్మగారికి ఇదే దారి. అయితే ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. మొక్కుకున్న ఆడవారు మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతారు. రాత్రి మంచు పడ్డాక ఆ పసుపు తడిసి మెట్టు అంచు నున్నగా అవుతుంది. బొట్టు తొక్కకూడదని పక్కకు జరిగి అడుగు వేసేవారు సరిగ్గా అక్కడే జారుతారు. పక్కనున్న గోడను గాని, మీ చేతిని గాని ఆసరాగా పట్టుకోమని ముందే చెప్పండి.

మాధవధార వైపు దారి వేరు. మాధవస్వామి గుడి, ఊటధార దాటాక పాత రాతిమెట్లు కొంత దూరం, మట్టిబాట కొంత దూరం ఉంటాయి; మెట్లు అక్కడక్కడ కదిలిపోయాయి. కొండ నడుం మీదికి చేరితే వెనుక నగరమూ రేవూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అక్కడి నుంచి దారి అవతలి వాలులోకి తిరిగి గుడి వైపు దిగుతుంది. తీరికగా నడిచినా గంటన్నరకు మించి పట్టదు. మీ ముగ్గురికీ ఇది చక్కని నడక. నా సలహా ఏమిటంటే, మీరు మాధవధార నుంచి ఎక్కండి, అమ్మగారిని అడవివరం నుంచి దేవస్థానం బస్సులో పైకి రమ్మనండి, గుడిలో కలుసుకొని అందరూ కలిసి మెట్ల మీదుగా దిగండి. దిగడం మోకాళ్లకు బరువనుకుంటే దిగేటప్పుడు బస్సెక్కండి.

ఒకవైపు ఎక్కి మరోవైపు దిగేవారు మరిచిపోయేది చెప్పుల సంగతి. బూట్లు గుడి దగ్గర ఎక్కడో వదిలితే మళ్లీ అక్కడికే రావాలి. ఒక గుడ్డసంచి వెంట ఉంటే ఆ తిరుగుడు తప్పుతుంది. నిక్కర్లతో ఎక్కి గుడి ముందు నిలబడి ఇబ్బంది పడేవారిని ప్రతి ఆదివారం చూస్తుంటాము, అందుచేత సంచిలో ఒక పంచె కూడా ఉంచుకోండి. చేతిలో పాలిథీన్ కవరు కనిపిస్తే కోతులు ఊరుకోవు. అక్షయతృతీయ నాటి చందనోత్సవానికీ, ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణకూ ఇటు నడక పెట్టుకోకండి; గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, అది కొండ చుట్టూ తారురోడ్డు మీద తిరిగే నడక, దాని లెక్క వేరు.

విశ్రాంత అధ్యాపకుడు (భూగర్భశాస్త్రం)

పై సమాధానంతో నాకు పేచీ లేదు గాని, భువనగిరి ఎక్కాము గనుక బెంగ లేదన్న మీ మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. భువనగిరి ఏకశిల. ఆ గ్రానైటు మీద బూటు అంటుకొని నిలుస్తుంది. ఇక్కడి కొండలు చాలావరకు ఖొండలైటు రాతివి. నేల లోతుల్లో ఎప్పుడో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన ఈ రాతిలో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ వంటి ఖనిజాలు ఉంటాయి. సముద్రపు తేమకూ వానకూ ఇది లోపలి నుంచి కుళ్లిపోతుంది; మెత్తని భాగం ఎర్రమట్టిగా మారి కొట్టుకుపోగా గట్టి పలుకులు వాలు మీద మిగులుతాయి. మాధవధార దారిలో గాని, కంబాలకొండలో గాని వంగి గుప్పెడు మట్టి తీసి చూడండి, మధ్యమధ్య ద్రాక్షరంగు గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. పొడినేల మీద ఆ గింజలు కాలి కింద ఆవాల్లా దొర్లుతాయి. అందుచేత ఇక్కడ ఎక్కడం కంటె దిగడమే కష్టం. అడుగుభాగం అరిగిన బూట్లు ఇంట్లోనే వదిలేసి రండి. దిగేటప్పుడు పాదం కొంచెం అడ్డంగా తిప్పి పెట్టడం మీ అమ్మాయికి నేర్పండి.

రెండోది గాలి. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి, అక్కడ చెమట పట్టినా ఆరిపోతుంది, ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ తేమ వల్ల చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. కొండ ఎత్తు 200 మీటర్లే కదా అని తొమ్మిది గంటలకు మొదలుపెట్టినవారు సగం దారిలో కూలబడటానికి కారణం ఇదే. కొండకు సముద్రం వైపున్న వాలు మీద పది దాటాక కొంత గాలి తగులుతుంది గాని, లోయ వైపు ఆకు కూడా కదలదు. ఆరింటికి మొదటి అడుగు పడాలి, పది కొట్టేసరికి దిగిపోవాలి. మనిషికి రెండు లీటర్ల నీరు కాక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక సీసా ఉండాలి. ఉత్త నీరే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగిరాదు. మరో సంగతి, మీ హైదరాబాదు లెక్క ఇక్కడ పనికిరాదు. మనం తూర్పున ఉన్నాము గనుక డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, కొండ నీడలో అంతకంటె ముందే మసకపడుతుంది.

కంబాలకొండ గురించి అడిగారు. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లరాదు. జూ దగ్గర జాతీయ రహదారి పక్కనున్న ప్రకృతి పర్యాటక కేంద్రం గేటులో టిక్కెట్టు తీసుకొని, లోపల అనుమతి ఉన్న బాటల్లో, వీలైతే అక్కడి సిబ్బందిని వెంటబెట్టుకొని నడవండి. మధురవాడ వెనుక నుంచి ఎవరో వేసిన కాలిబాటలు ఉన్నాయని మీకు కుర్రవాళ్లు చెబుతారు, ఆ జోలికి పోకండి. అక్కడ చిరుతలు ఉన్నాయి. దుప్పులూ అడవిపందులూ ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటినప్పుడు పెద్ద చెట్లు కూలిన చోట్ల తుప్పలు కమ్ముకొని, పది అడుగుల అవతల ఏమున్నదీ కనిపించదు. పక్షులను చూడాలన్న ఆసక్తి ఉంటే మాత్రం నగరానికి ఇంత దగ్గరలో దీనికి సాటి వచ్చే చోటు లేదు.

డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండల్లో చాలా భాగం నౌకాదళం పరిధిలోనిది. ఘాట్ రోడ్డు మీద యారాడ తీరానికి వెళ్లి రావచ్చు, ఇష్టం వచ్చిన చోట కొండెక్కడానికి మాత్రం వీల్లేదు. దానిని మీ జాబితాలోంచి తీసివేయండి.

భీమిలి గృహిణి

పెద్దలు ఇద్దరూ కుర్రకారు నడక గురించే ఎక్కువగా చెప్పారు. అమ్మగారి కోసం నేను రెండు చోట్లు చెబుతాను.

మొదటిది తొట్లకొండ. బీచ్ రోడ్డులో భీమిలి వైపు వస్తుంటే మంగమారిపేట దగ్గర ఎడమవైపున ఉంటుంది. సుమారు 128 మీటర్ల ఎత్తు, పైదాకా రోడ్డు ఉంది. నడవదలచినవారు కింద బండి ఆపి ఆ రోడ్డు మీదనే ఎక్కవచ్చు, అలసినవారు బండిలోనే రావచ్చు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. 1970లలో నౌకాదళం వారు విమానం నుంచి చేసిన సర్వేలో బయటపడింది. స్తూపం, చైత్యాలు, విహారం గదుల పునాదులు చూశాక తొందరపడి వెనక్కి రాకండి, రాతిలో తొలిచిన నీటితొట్లను నిదానంగా చూడండి. కొండ మీద ఊట లేని చోట అంతమంది వాననీటిని ఎలా పట్టి నిలిపారో, ఆ తొట్ల అంచులూ కాలువల వాటమూ చూస్తే మీ పాపకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నీడ తక్కువ గనుక ఎనిమిదిన్నరకల్లా ముగించుకొని, కిందికి దిగి, సముద్రం పోటు మీద లేకపోతే మంగమారిపేట తీరంలోని సహజ శిలాతోరణం చూసి ఇంటికి పొండి. పక్కనే బావికొండ ఉంది. ఓపిక ఉంటే అదీ చూడవచ్చు.

రెండోది పద్మనాభం. విజయనగరం వైపు ఉన్న ఈ ఊరిని విశాఖలో ఉండేవారు ఎందుకో పట్టించుకోరు. కొండ దిగువన కుంతీమాధవస్వామి గుడి, కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి, రెంటికీ మధ్య వెయ్యికి పైగా మెట్లు. సింహాచలమంత జనం ఉండరు, బస్సు లేదు గనుక ఎక్కినవారే పైన ఉంటారు. మెట్ల మీద కూర్చొని వెనక్కి చూస్తే పచ్చని పొలాలు కనిపిస్తాయి; 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం ప్రభువు చిన్న విజయరామరాజు మరణించినది ఈ ఊళ్లోనే. మా ఇంట్లో పెద్దవారు పాతిక మెట్లకు ఒకసారి కూర్చుంటూ ఎక్కుతారు, ఎవరూ తొందరపెట్టరు. దీపోత్సవం నాడు మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ జనంలో అమ్మగారిని ఎక్కించవద్దు, కింది నుంచే చూపించండి.

పాడేరు ఉపాధ్యాయుడు

వంజంగి ఒక్క రోజులో సాధ్యమే. కాని మీరు చెప్పిన "తెల్లవారి బయలుదేరి" అన్న షరతుతో మాత్రం సాధ్యం కాదు. విశాఖ నుంచి సబ్బవరం, చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కి పాడేరు చేరడానికి వంద కిలోమీటర్లకు పైగా దారి ఉంది. తెల్లవారి బయలుదేరినవారు కొండ మీదికి వచ్చేసరికి మేఘాలు విడిపోయి మామూలు లోయ కనిపిస్తుంది, అప్పుడు ఫొటోలన్నీ బూటకమని తిట్టుకుంటూ దిగుతారు.

ఆ మేఘాలు ఎలా ఏర్పడతాయో తెలిస్తే ఏ రోజు రావాలో మీరే నిర్ణయించుకోగలరు. శీతాకాలం రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిపోతే నేల త్వరగా చల్లబడుతుంది. నేలనానుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలు వెంట లోయలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. అందులోని తేమ మంచుగా చిక్కబడుతుంది. శిఖరం ఆ పొరకు పైన ఉంటుంది గనుక మన కాళ్ల కింద తెల్లని సముద్రం పరుచుకున్నట్టు ఉంటుంది. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కగానే అది ముక్కలై పైకి లేచిపోతుంది. కాబట్టి నవంబరు నుంచి జనవరి దాకా, ముందురోజు కాస్త వాన పడి రాత్రి ఆకాశం తేటపడినప్పుడు ఆశ ఎక్కువ. రాత్రంతా మబ్బు పట్టి ఉన్నా, ఈదురుగాలి ఉన్నా ఏమీ ఉండదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న వార్త వింటే ప్రయాణం మానుకోండి, ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి.

రాత్రి రెండింటికి విశాఖలో బయలుదేరి, మంచులో ఘాట్ ఎక్కి, చీకట్లో కొండ ఎక్కేవారిని వారాంతాల్లో వందలకొద్దీ చూస్తున్నాము. నిద్ర చాలని డ్రైవరు ఆ మలుపుల్లో బండి నడపడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ముందురోజు సాయంత్రమే పాడేరు చేరి పడుకోండి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయింది గనుక బసకు ఇబ్బంది ఉండదు. తెల్లవారుజామున బండి ఆపిన చోటి నుంచి పైకి గంట, గంటన్నర నడక. తలకు కట్టే టార్చిలైటు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చలికోటు, చెవులకు గుడ్డ తప్పనిసరి. దారి నిటారుగా ఉండి, జనం తొక్కిడికి మట్టి పొడిపొడిగా రేగుతుంది, కాబట్టి మీ అమ్మగారిని బసలోనే ఉంచి రండి.

ఇంకొక్క మాట, ఇది విన్నపం. ఆ రోజుల్లో వలిసెపూలు పూస్తాయి, పొలాలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. ఫొటో కోసం చేనులోకి దిగినవారి కాళ్ల కింద విరిగిన మొక్క మళ్లీ లేవదు. నూనెగింజల కోసం వేసిన పంట అది, ఆ ఇంటి ఏడాది ఆదాయంలో భాగం. గట్టు మీద నిలబడినా ఫొటో బాగానే వస్తుంది. పైన తిన్న ప్లేట్లూ సీసాలూ మీ సంచిలోనే కిందికి తెచ్చుకోండి.

గోపాలపట్నం రైలు ప్రయాణికుడు

వంజంగికి ఇంత హైరానా దేనికని నా సందేహం. నాకు తెలిసినంతలో మీ కుటుంబానికి కిరండూల్ ప్యాసింజరు మేలు. పొద్దున్నే విశాఖలో ఎక్కితే సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలు స్టేషనులో దింపుతుంది, అమ్మగారు కూర్చొనే కొండలన్నీ చూస్తారు. గుహల్లో మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. కాళ్లు ఊరుకోని మీ ముగ్గురూ అక్కడి నుంచి గోస్తని మీది కటికి జలపాతం దాకా కొంత జీపులో, కొంత నడిచి వెళ్లి రావచ్చు. తిరుగు రైలు వేళ స్టేషనులో దిగగానే అడిగి పెట్టుకోండి. అది ఆలస్యమయితే రోడ్డు దారిన బస్సో జీపో చూసుకోవాలి.

పాడేరు ఉపాధ్యాయుడు

రైలు మాట బాగుంది. అయితే ఆయన అడిగినది కొండ ఎక్కడం గురించి, మీరు చెప్పినది కొండలు చూడటం గురించి. రెండూ చేయమనండి.

మధురవాడ కొత్తవాసి

ఇంత ఓపికగా వ్రాసిన అందరికీ కృతజ్ఞతలు. ముందు తొట్లకొండ, తరువాత పద్మనాభం, ఆపైన మాధవధార దారిలో సింహాచలం అని అనుకుంటున్నాము. వంజంగి సంక్రాంతి సెలవులకు, రాత్రి బసతో. మరో రెండు సందేహాలు మిగిలాయి. కైలాసగిరి మెట్ల దారి సాయంత్రం వేళ ఎక్కవచ్చునా? పాముల భయం ఎంతవరకు నిజం? అమ్మగారు అదే పదేపదే అడుగుతున్నారు.

విశ్రాంత అధ్యాపకుడు (భూగర్భశాస్త్రం)

మీరు వేసుకున్న వరుస సరిగ్గానే ఉంది, సంక్రాంతి ఒక్కటి మార్చుకోండి. పండుగ మూడు రోజులూ ఘాట్‌లో వాహనాలు కదలవు; పండుగ దాటిన వారం మధ్యలో వెళ్లండి.

కైలాసగిరి బీచ్ రోడ్డు వైపు మెట్ల దారిని నేను కొండగా లెక్కించను, అది రోజువారీ వ్యాయామానికి వాడుకోదగినది. సాయంత్రం ఎక్కవచ్చు, ఎందుకంటే సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. పైన దీపాలు, జనం, దిగడానికి రోప్‌వే, రోడ్డు ఉన్నాయి. అమ్మాయికి బూట్లు అలవాటు చేయడానికి మొదటి వారం అక్కడికే తీసుకువెళ్లండి.

పాముల భయం నిజమే గాని, దానికి హద్దు ఉంది. మెట్ల దారుల్లో, పగటి పూట, నలుగురు మాట్లాడుకుంటూ నడిచే చోట అవి ఎదురుపడటం అరుదు. మట్టిబాటల్లో ఎండుటాకుల రంగులో కలిసిపోయే రక్తపింజరి విషయంలోనే జాగ్రత్త కావాలి. అది కదలకుండా పడుకొని ఉంటుంది గనుక చూడకుండా తొక్కడం వల్లనే ప్రమాదం జరుగుతుంది. చీలమండ కప్పే బూట్లు, ముందు నడిచేవారి చేతిలో ఒక కర్ర, రాళ్ల సందుల్లో చేయి పెట్టకపోవడం, కనిపించని చోట కూర్చోకపోవడం, ఇవి చాలు. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వంటివి ఏవీ చేయకండి. కరిచిన కాలును కదలనివ్వకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మాధవధార దారిలో కొన్ని మలుపుల దగ్గర ఫోను అందదు, అందుచేత మీరు ఎన్ని గంటలకు గుడి చేరతారో అమ్మగారికి ముందే చెప్పి బయలుదేరండి.